కళకు పట్టా

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో విశ్వవిద్యాలయములు వెలసినవి. బొంబాయిలో జంషెడ్జీ జీజీభాయి పేరిట చిత్రకళాశాల తలుపులు తెరచినదియు ఆ యేడే. ఐనను ఈ రెండు విద్యలు దాదాపు శతాబ్దకాలము వేర్వేరు త్రోవల నడచినవి. న్యాయము, వైద్యము చదివినవాడు పట్టభద్రుడు. బొమ్మ గీసినవాడు, రాయి చెక్కినవాడు పనివాడు. చేతికి నైపుణ్యము చాలును, చింతన అక్కరలేదను భావమే ఈ విభజనకు మూలము.

1919లో శాంతినికేతనమున ఆరంభమైన కళాభవనము ఈ భావమును త్రోసిపుచ్చినది. నందలాల్ బోసు పెద్దరికమున అచ్చట కళ పట్టా కొరకు గాక, గురుశిష్యుల సాహచర్యముగా సాగినది.

ఆ స్ఫూర్తిని పట్టాతో ముడివేసినది బరోడా. మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయము 1949లో ఏర్పడగా, మరుసటి యేడే అందు లలితకళా విభాగము నెలకొన్నది. చిత్రమునకు బేంద్రే, శిల్పమునకు శంఖో చౌధురి ఆచార్యులైరి. కె. జి. సుబ్రహ్మణ్యన్ 1951లో వారితో చేరినాడు. చౌధురి, సుబ్రహ్మణ్యన్ ఇరువురును శాంతినికేతన విద్యార్థులే. చేతిపనితో పాటు కళాచరిత్ర, సౌందర్యశాస్త్రము పాఠ్యములైనవి. ఛార్టర్డ్ అకౌంటెంటుగా శిక్షణ పొందిన భూపేన్ ఖఖర్ 1962లో అచ్చటికి వచ్చి చదివినది కళావిమర్శ. దేశమునకు లభించినది గొప్ప చిత్రకారుడు.

పట్టా గోడగా మారు ప్రమాదమును సుబ్రహ్మణ్యన్ ఎరుగును. 1959 నుండి 1961 వరకు అఖిల భారత చేనేత మండలిలో పనిచేసి, మగ్గముల విద్యను దగ్గరగా చూచి, తిరిగి బరోడా చేరినాడు. మెదకు జిల్లా నిజాంపురములో తోలుబొమ్మలను, మట్టిబొమ్మలను చూచుచు పెరిగిన లక్ష్మా గౌడ్, 1963-65లో బరోడాలో భిత్తిచిత్రము, ముద్రణకళ అభ్యసించినది ఆయన వద్దనే. 1988లో హైదరాబాదు విశ్వవిద్యాలయమున సరోజినీ నాయుడు కళాశాఖ ఏర్పడినప్పుడు, లలితకళాబోధనను తీర్చిదిద్దినవారిలో గౌడ్ ముఖ్యుడు.

పల్లెలోని బొమ్మ ఈ విధముగా విశ్వవిద్యాలయమునకు చేరినది. కాని బొమ్మను చేసినవాడు చేరలేదు. అధ్యాపకపదవికి స్నాతకోత్తర పట్టాయే సాధారణ ద్వారమైన నేడు, ఎవని విద్య ఆ పట్టాకు ప్రాణము పోసినదో వానికి ఆ ద్వారము మూసియే ఉన్నది. కళాకారుని పనివాని పంక్తినుండి లేపిన పట్టా, ఆ పంక్తిలో మిగిలినవానిని మరచినచో 1857 నాటి విభజననే మరల గీసినట్లగును.