సర్వం కోల్పోయినా కుంగని వైద్యుడు

నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో అగస్టస్, టిబెరియస్ చక్రవర్తుల రోమన్ వెండి నాణేలు లభించాయి. శాతవాహనుల కాలం నాటికే రోము వెండి తెలుగునేలకు చేరిందనడానికి అవి నిదర్శనం. రోమన్లు మిగిల్చిన మరో సంపద కూడా ఉంది. తృప్తిగా జీవించడమెలా అన్న విచారణే అది.

బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, తత్త్వాచార్యుడైన ఎపిక్టెటస్ దానికి మూలసూత్రం చెప్పాడు. మన ఆలోచన, మన ప్రయత్నం మన చేతిలోనివి. ధనం, పదవి, కీర్తి, చివరకు శరీరం సైతం పూర్తిగా మన అధీనంలో ఉండవు. 161 నుండి 180 వరకు రోమును పాలించిన మార్కస్ అరేలియస్ చక్రవర్తి ఆ బోధను తన ఆంతరంగిక రచనలలో పదేపదే మననం చేసుకున్నాడు.

ఆ చక్రవర్తికి వైద్యం చేసిన గాలెన్‌కు అసలు పరీక్ష 192లో ఎదురైంది. రోములో చెలరేగిన అగ్నిప్రమాదంలో అతని గ్రంథాలు, ఔషధాలు, శస్త్రపరికరాలు దగ్ధమయ్యాయి. ఇంత నష్టం జరిగినా ఎందుకు కుంగిపోలేదని అడిగిన మిత్రునికి అతడు ఒక లేఖ వ్రాశాడు. శతాబ్దాలపాటు కనుమరుగైన ఆ లేఖ 2005లో గ్రీసు దేశపు థెస్సలొనీకి నగరంలోని ఒక మఠంలో బయటపడింది. నాలుగు పొలాలలో ఒకటి పోతే, మిగిలిన మూడింటిని చూసుకొని స్థిమితపడిన వ్యక్తి ఉదంతాన్ని గాలెన్ అందులో ప్రస్తావించాడు. రాగల నష్టాలను ముందే ఊహించి మనస్సును సిద్ధపరచుకోవాలన్నాడు. అయితే స్వదేశం నాశనమైనా, మిత్రుడు నిరంకుశుని శిక్షకు గురైనా తానూ దుఃఖిస్తానని అంగీకరించాడు. తృప్తి అంటే రాయిలా మారడం కాదన్నమాట.

గత శతాబ్దంలో ఆల్బర్ట్ ఎల్లిస్, ఆరన్ బెక్ ఆలోచనల తీరును సరిదిద్దే మానసిక చికిత్సలను రూపొందించారు. ఆ పద్ధతులకు ఈ ప్రాచీన తత్త్వం ఒక మూలమని వారు గుర్తించారు.

మన నగరంలో ఈ బోధ అత్యవసరమైన వారెవరంటే, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలలో, నారాయణగూడ పరిసరాల అద్దె గదులలో పోటీ పరీక్షలకు ఏళ్ల తరబడి చదువుతున్న యువతీయువకులు. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో, పరీక్ష వాయిదా పడుతుందో లేదో వారి చేతిలో లేదు. నేటి పాఠం, వేళకు భోజనం, కాస్త నడక, నిద్రకు కేటాయించే సమయం చాలావరకు వారి చేతిలోనివే. దీనర్థం అన్యాయాన్ని ప్రశ్నించవద్దని కాదు. ప్రశ్నించడమూ మన ప్రయత్నంలో భాగమే. ఫలితం రాకపోతే బ్రతుకే వ్యర్థమనుకోవద్దని మాత్రమే.

నిద్రలేమి, నిరాశ రెండు వారాలకు మించి కొనసాగితే తత్త్వం ఒక్కటే చాలదు. వైద్యుని సంప్రదించండి. ప్రభుత్వ ‘టెలీ మానస్’ సేవ 14416 సంఖ్యపై ఉచితంగా అందుబాటులో ఉంది. సహాయం కోరడం కూడా మన చేతిలోని పనే.