గాబ్రియేల్ బోర్టోలెటో

గాబ్రియేల్ బోర్టోలెటో బ్రెజిల్‌కు చెందిన ఫార్ములా వన్ డ్రైవరు. 2004 అక్టోబరు 14న పుట్టాడు. సావో పాలో ప్రాంతం వాడు. ఎమర్సన్ ఫిట్టిపాల్డి, నెల్సన్ పికే, ఐర్టన్ సెన్నా కలిసి ఎనిమిది ప్రపంచ టైటిళ్లు తెచ్చిన దేశానికి 2017లో ఫెలిపె మస్సా తప్పుకున్నాక పూర్తికాలపు డ్రైవరే లేకుండా పోయాడు. 2020లో పియెట్రో ఫిట్టిపాల్డి మరొకరి బదులు రెండు రేసులు నడిపాడు, అంతే. 2025లో సౌబర్ జట్టుతో ఆ లోటు తీర్చినవాడు బోర్టోలెటో.

చిన్నతనంలోనే కార్టింగ్ కోసం ఇటలీ చేరాడు. 2020లో ఇటాలియన్ ఫార్ములా 4లో ఐదో స్థానం దక్కింది. తర్వాతి రెండేళ్లు యూరప్ ప్రాంతీయ ఫార్ములాలో గడిచాయి. అప్పటికి అతనిమీద పెద్ద ఆశలు పెట్టుకున్నవారు తక్కువే. రెండుసార్లు ప్రపంచ ఛాంపియనైన ఫెర్నాండో అలోన్సో మాత్రం తన మేనేజ్‌మెంట్ సంస్థలోకి తీసుకున్నాడు. 2023లో ట్రైడెంట్ జట్టుతో ఫార్ములా 3లో అడుగుపెట్టి, మొదటి ఏడాదే టైటిల్ గెలిచాడు. ఫార్ములా వన్ జట్టు మెక్‌లారెన్ అతన్ని తన యువ డ్రైవర్ల బృందంలో చేర్చుకుంది.

మరుసటి ఏడాది ఇన్విక్టా జట్టుతో ఫార్ములా 2కు వచ్చాడు. అక్కడ సహచరుడు మన దేశానికి చెందిన కుష్ మైనీ. ఆ ఏడాది మోంజా ప్రధాన రేసు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గ్రిడ్‌లో అందరికంటే వెనక, 22వ స్థానం నుంచి బయలుదేరి గెలిచాడు. ఫార్ములా 2లో అంతకుముందెవరూ చేయని పని అది. అబు ధాబీలో జరిగిన ఆఖరి రేసు ఆరంభంలోనే పోటీదారు ఇసాక్ హజార్ కారు కదలక ఆగిపోయింది, టైటిల్ బోర్టోలెటోదయింది. ఫార్ములా 3, ఫార్ములా 2 రెండింటినీ వరుస సంవత్సరాల్లో, తొలి ప్రయత్నంలోనే గెలవడం అరుదైన ఘనత.

మెక్‌లారెన్‌లో ఖాళీ లేదు. ఆ సంస్థ అతన్ని వదిలేయడంతో సౌబర్‌కు వచ్చాడు. 2024లో నాలుగే పాయింట్లతో అట్టడుగున నిలిచిన జట్టు అది. మొదటి రేసు మెల్‌బోర్న్ వానలో గోడను తాకి ముగిసింది. ఆస్ట్రియాలో ఎనిమిదో స్థానంతో తొలి పాయింట్లు వచ్చాయి. చివరి ల్యాపుల్లో అతను వెంటాడింది అలోన్సోనే. హంగరీలోనూ అలోన్సో వెనకే ఆరో స్థానం సాధించాడు. ఆ సీజనులో అతని మొత్తం 19 పాయింట్లు. అనుభవజ్ఞుడైన సహచరుడు నికో హుల్కెన్‌బర్గ్‌కు 51.

బ్రెజిల్‌లో అతని ఆదరణ ఈ అంకెల్లో ఇమడదు. సొంత డ్రైవరు కోసం అభిమానులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఆ ఎదురుచూపే అభిమానంగా మారింది. గెలిచే కారు ఇంకా చేతికందని కుర్రాణ్ని సెన్నాతో పోల్చడం మాత్రం అన్యాయమే. 2025 నవంబరులో, సొంతగడ్డపై తొలి రేసు కోసం ఇంటర్‌లాగోస్‌కు వచ్చినప్పుడు ఆ ఆశల బరువు కనిపించింది. స్ప్రింట్ రేసులో ఘోర ప్రమాదం జరిగింది. గాయాలు కాకపోయినా, కారు సిద్ధం కాక క్వాలిఫయింగ్‌లో పాల్గొనలేకపోయాడు. మర్నాడు ప్రధాన రేసు అతనికి మొదటి ల్యాపులోనే ముగిసింది. 2026 నుంచి సౌబర్ స్థానంలో వచ్చిన ఆడి, హుల్కెన్‌బర్గ్‌తో పాటు అతన్నీ కొనసాగించింది.