తలపాగా మీద టోపీ

"రూల్సు ఒప్పుకోవు" అన్న మాట సర్వీసులో మనం వందసార్లు విన్నవాళ్లమే, వందసార్లు అన్నవాళ్లమే. ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకులు కోరారు. యుద్ధాలు, సంధులు రాయడానికి నాకంటే చదువుకున్నవారు మన సంఘంలోనే ఉన్నారు. నాకు తెలిసిన వైపు నుంచి, అంటే రూలు, మినహాయింపు, కొలతలు, కుట్టుకూలి అనే వైపు నుంచి ఒక పాత సంగతి చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశపు కుర్రవాళ్లు విమానాలు నడిపిన సంగతి ఇది.

1914లో యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ సైన్యంలో విమాన విభాగానికి రాయల్ ఫ్లయింగ్ కోర్ అని పేరు. పుట్టి రెండేళ్లే అయింది. అందులో ఆఫీసరుగా చేరాలంటే అభ్యర్థి అచ్చమైన ఐరోపా సంతతివాడై ఉండాలని రూలు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షలకు పైగా మనుషులు సముద్రాలు దాటి వెళ్లారు. కందకాల్లో నిలబడి చావడానికి సంతతి అడ్డురాలేదు. విమానం ఎక్కడానికి మాత్రం అడ్డొచ్చింది.

యుద్ధానికి ముందు ఆ విభాగంలో చేరే పద్ధతి మనకు విచిత్రంగా తోస్తుంది. అభ్యర్థి ముందు సొంత ఖర్చుతో ఏదో ఒక ప్రైవేటు స్కూల్లో విమానం నడపడం నేర్చుకుని, రాయల్ ఏరో క్లబ్ వారి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. చేరాక 75 పౌండ్లు వాపసు ఇచ్చేవారు. అప్పటి మారకం లెక్కన అది పదకొండు వందల పాతిక రూపాయలు. మన తాలూకా గుమాస్తాకు కొన్నేళ్ల జీతం! రీయింబర్స్‌మెంటు అన్నది ఎప్పుడూ ఉన్నవాడికే వీలు. ఇక పరీక్ష అంటారా, రెండు కంబాల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి, యాభై మీటర్ల ఎత్తుకు ఎక్కాలి, ఇంజను ఆపేసి గుర్తుపెట్టిన చోటికి యాభై మీటర్ల లోపల దిగాలి. అంతే.

యుద్ధం ముదిరేసరికి అది చాలదని తెలిసింది. 1916 నుంచి రెక్కల బ్యాడ్జీ కావాలంటే పదిహేను గంటలు ఒంటరిగా ఎగిరి ఉండాలి. అరవై మైళ్ల ప్రయాణం చేసి, దారిలో రెండుచోట్ల దిగి లేవాలి. ఆరువేల అడుగుల ఎత్తుకు వెళ్లి అక్కడ పావుగంట నిలవాలి, తర్వాత ఇంజను ఆపి, యాభై గజాల అడ్డుకొలత గల వలయంలో దిగి ఆగాలి. చీకట్లో దివిటీల వెలుగున రెండుసార్లు దిగాలి. నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ మధ్య ఇంజను మోతలో మాట వినబడేది కాదు. 1917లో స్మిత్-బారీ అనే ఆయన గాస్‌పోర్టులో బోధన పద్ధతినే మార్చి, మాట్లాడుకోవడానికి ఒక గొట్టం పెట్టించేదాకా చాలాచోట్ల సైగలూ అరుపులే పాఠం.

బట్టల సంగతి దగ్గర కాస్త ఆగుతాను. ఆనాటి విమానానికి పైకప్పు లేదు. కర్ర చట్రం, దానిమీద గుడ్డ, ముందు ఇంజను, వెనుక మనిషి. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి అడుగులకు సుమారు రెండు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. పదిహేను వేల అడుగుల ఎత్తున నేలమీదికంటే ముప్ఫై డిగ్రీలు తక్కువ. ఆపైన గంటకు వంద మైళ్ల గాలి. ముఖానికి కొవ్వు పూసుకునేవారు, మెడకు పట్టుగుడ్డ చుట్టుకునేవారు. చాలా ఇంజన్లకు కందెన ఏమిటనుకున్నారు? మన ఆముదమే! గిరగిరా తిరిగే ఆ ఇంజను కాలిన ఆముదాన్ని వెనక్కి చిమ్ముతుంటే, కళ్లద్దాలు తుడుచుకుంటూ, తెలియకుండానే కాస్త మింగుతూ నడిపేవారు. ఆముదం ఏంచేస్తుందో మన తరానికి చెప్పనక్కరలేదు.

కాబట్టి దుస్తులు అలంకారం కాదు, ప్రాణరక్షణ. ఆఫీసరుగా చేరినవాడికి సర్కారు 50 పౌండ్ల ఎలవెన్సు ఇచ్చేది. యూనిఫారం అతనే లండన్ దర్జీల దగ్గర కొలతలిచ్చి కుట్టించుకోవాలి. అందరూ వాడిన ఎగిరే దుస్తు ఒకటి పుట్టిన తీరు తమాషాగా ఉంటుంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా కుర్రవాడు నౌకాదళ విమానాల్లో పనిచేసేవాడు. 1916-17 చలికాలంలో ఒకనాడు ఇంజను బాగుచేస్తూ, నూనె, గ్రీజు పట్టిన మెకానిక్ ఓవరాలుతోనే ఎగిరివచ్చాడు. మిగతావాళ్లు గడ్డకట్టుకుపోతే అతనికి చలి వేయలేదు. నూనె పట్టిన గుడ్డ గాలిని లోపలికి పోనివ్వలేదని గ్రహించాడు. లండన్ వెళ్లి రాబిన్సన్ అండ్ క్లీవర్ దుకాణంలో లోపల పలుచని బొచ్చు, మధ్య గాలి దూరని పట్టు, పైన బర్బరీ గుడ్డ, ఇలా మూడు పొరలుగా ఒకే ముక్క దుస్తు కుట్టించాడు. కూర్చున్నవాడికి చెయ్యి అందేలా జేబులు మోకాళ్ల కింద పెట్టించాడు. అదే సిడ్‌కాట్ సూటు. తర్వాత దశాబ్దాల తరబడి వాడారు.

అందరి ఒంటికీ సరిపోయే దుస్తు దొరికింది. తలకో?

హర్దిత్ సింగ్ మాలిక్ 1894లో రావల్పిండిలో పుట్టి, చిన్నతనంలోనే ఇంగ్లండు వెళ్లి, ఆక్స్‌ఫర్డులో బేలియల్ కాలేజీలో చదివాడు. ససెక్స్ జట్టుకు క్రికెట్ ఆడాడు, గోల్ఫ్‌లోనూ దిట్ట. యుద్ధం రాగానే తోటి విద్యార్థులంతా కమిషన్లు తెచ్చుకుని వెళ్లిపోయారు. ఇతనికి ఇవ్వలేదు. ఊరుకోక 1916లో ఫ్రాన్సు వెళ్లి అక్కడి రెడ్‌క్రాస్‌లో అంబులెన్సు నడిపాడు. ఫ్రెంచి వాయుసేన తీసుకోవడానికి సిద్ధపడింది. ఆ మాట తెలిసి, ఆక్స్‌ఫర్డులో ఇతని గురువు అర్కర్ట్ విమాన విభాగాధిపతి జనరల్ హెండర్సన్‌కు ఉత్తరం రాశాడు. మన సామ్రాజ్యపు ప్రజను ఫ్రెంచివాళ్లు తీసుకుంటారట, మనం తీసుకోమా అని ఆ ఉత్తరం సారాంశం. 1917 ఏప్రిల్‌లో కమిషన్ వచ్చింది. గమనించండి, రూలు మారలేదు. ఒక్కరికి మినహాయింపు వచ్చింది. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో ఫైళ్లు నడిపినవాళ్లకు తెలుసు.

ఆల్డర్‌షాట్‌లో కవాతు శిక్షణకు వెళ్లేసరికి టోపీ తగాదా మొదలైంది. యూనిఫారమంటే టోపీతో సహా యూనిఫారమే అన్నారు. మాలిక్ తలపాగా తీయనన్నాడు. మాట పైవాళ్లదాకా వెళ్లింది, చివరకు తలపాగాకు అనుమతి వచ్చింది. కాని అనుమతి కాగితం చలిని ఆపదు గదా! ఆరు వేల అడుగుల పైన తలపాగా ఒక్కటే ఉంటే గాలికి ఊడిపోతుంది. అప్పుడు తలపాగా మీద పట్టేటంత పెద్ద కొలతతో ప్రత్యేకంగా ఎగిరే టోపీ చేయించుకున్నాడు. అది పెట్టుకుని విమానంలో కూర్చుంటే ఆకారం చూసి తోటివాళ్లు "ఎగిరే బూచి" అనే అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టారు.

ఈ సంగతి చదివినప్పుడు మా ఆఫీసు గుర్తొచ్చింది. నాలుగో తరగతి ఉద్యోగులకు ఏటా లివరీ గుడ్డ, కుట్టుకూలి ఇచ్చే సీటు కొంతకాలం నాదే. ఆరడుగుల పైన ఎత్తున్న జవాను ఒకాయనకు మంజూరైన గుడ్డ చాలేది కాదు. అదనంగా అర మీటరు కావాలని నోటు పెడితే, "ప్రొవిజన్ లేదు, అభ్యర్థి ఎత్తుకు ఆధారమేమి?" అని వెనక్కి వచ్చింది. మూడు నెలలు తిరిగాక మంజూరైంది, ఈలోగా పాపం ఆయన చీలమండల పైకి పోయిన ప్యాంటుతోనే డ్యూటీ చేశాడు. కొలత ఒకటే పెట్టి మనుషులను దానిలో ఇమడమనడం ఏ సర్కారుకైనా అలవాటే.

బ్రిస్టల్ దగ్గర ఫిల్టన్‌లో కాడ్రన్ విమానం మీద సుమారు రెండున్నర గంటల పాఠంతోనే మాలిక్ ఒంటరిగా ఎగిరాడు. 1917 జూలైలో రెక్కల బ్యాడ్జీ చేతికొచ్చింది. తర్వాత సాప్‌విత్ కామెల్ అనే, కొత్తవాళ్ల ప్రాణాలు తీసే పెంకి విమానం మీద 28వ స్క్వాడ్రన్‌తో ఫ్రాన్సు వెళ్లాడు. అక్టోబరు 26న జర్మన్ విమానాలు చుట్టుముట్టాయి. కాలిలోకి రెండు గుళ్లు దూసుకుపోయాయి. ఎలాగో తమవాళ్ల గీత దాటి దిగాడు. తర్వాత లెక్కపెడితే విమానానికి నాలుగువందల పైచిలుకు తూట్లున్నాయి.

మరొకరికి అడ్డొచ్చింది తలపాగా కాదు, కన్ను. కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్ లండన్‌లో సెయింట్ పాల్స్ స్కూల్లో చదివాడు. దృష్టి సరిగా లేదని వైద్యపరీక్షలో తోసేశారు. మనమైతే మెడికల్ బోర్డు మాట శిలాశాసనమనుకుని ఇంటికొచ్చేస్తాం. ఈ కుర్రవాడు తన మోటారు సైకిలు అమ్మి, ఆ డబ్బుతో పేరున్న కంటి వైద్యుడికి చూపించుకుని, తీర్పు తిరగరాయించాడు. 1917 జూలైలో కమిషన్ వచ్చింది. డిసెంబరులో విమానం కూలింది. చనిపోయాడనుకుని శవాల గదిలో పడుకోబెడితే, లేచి తలుపు బాదాడని చెప్పుకుంటారు. మళ్లీ అనర్హుడన్నారు, మళ్లీ ఒప్పించాడు. 1918 జూలై 6 నుంచి 19 వరకు పదమూడు రోజుల్లో పది శత్రు విమానాలను పడగొట్టినట్టు నమోదైంది. 22న తానే పడిపోయాడు. పంతొమ్మిదేళ్లు. డి.ఎఫ్.సి. పతకం సెప్టెంబరులో, మరణానంతరం. వెలింకర్ అనే బొంబాయి యువకుడు అదే ఏడాది జూన్‌లో చనిపోయాడు. సేన్ అనే ఆయన జర్మనులకు ఖైదీగా చిక్కి యుద్ధం ముగిశాక బయటపడ్డాడు.

మన హైదరాబాదు సంగతి కూడా చెప్పాలి. 1918లో 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ అనే బాంబరు విమానాలన్నీ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సొమ్ముతో సమకూరాయి. ప్రతి విమానం మీదా నిజాం కానుక అని రాశారు, దళానికి హైదరాబాదు పేరు పెట్టారు. వాటిలో ఒకటి జర్మనులకు చిక్కి, బెర్లిన్, పోలండు తిరిగి, చివరకు లండన్‌లోని వాయుసేన మ్యూజియం చేరింది. ఆ డబ్బు తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతు కట్టిన శిస్తులోంచి వచ్చినదే. సొమ్ముకు సంతతి ఏమిటని ఎవరూ అడగలేదు. దాన్ని కట్టినవాడి కొడుకు వెళ్లి నడుపుతానంటే అడిగేవారు.

మినహాయింపు రూలు కావడానికి 1932 దాకా పట్టింది. ఆ ఏడు అక్టోబరు 8న భారత వాయుసేన ఏర్పడింది. 1933 ఏప్రిల్ 1న కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్డులో నాలుగు వాపిటీ విమానాలతో మొదటి దళం నిలిచింది. మొదటి పైలట్లలో సుబ్రతో ముఖర్జీ, మోటారు సైకిలు అమ్ముకున్న ఇంద్రలాల్ రాయ్‌కి మేనల్లుడు. 1954లో వాయుసేనకు తొలి భారతీయ అధిపతి అయ్యాడు. ఆ తొలి బృందంలోనే టాండన్ అనే ఆయనకు కాళ్లు పొట్టి, పెడళ్లు అందవని పైలట్ పని ఇవ్వలేదు, సామగ్రి శాఖకు పంపారు. మళ్లీ కొలతే!

మాలిక్ యుద్ధం తర్వాత ఐ.సి.ఎస్.లో చేరాడు. 1947లో కెనడాలో మన తొలి హైకమిషనర్, ఆపైన ఫ్రాన్సులో రాయబారి. ఎక్కడున్నా గోల్ఫ్ మానలేదు. 1985 అక్టోబరులో కన్నుమూసేనాటికి తొంభై ఏళ్లు. 1917లో కాలిలో దిగిన గుళ్లను డాక్టర్లు తీయలేకపోయారు. అరవై ఎనిమిదేళ్లు వాటితోనే నడిచాడు.