ఎత్తు పెరిగితే రంగు ఏమవుతుంది? కొల్లేటి సీమ నుంచి కోకాపేట దాకా ఒక పరిశీలన

కొల్లేటికి తూర్పున ఉన్న గణపవరం చుట్టూ నేల బల్లపరుపు. కొండ లేదు, గుట్ట లేదు. కాస్త ఎత్తుగా ఏది కట్టినా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కనిపిస్తుంది. తాటిచెట్లు, గుడి గోపురాలు, రైసుమిల్లుల గొట్టాలు, మంచినీళ్ల ట్యాంకులు, ఈమధ్య సెల్ టవర్లు: ఈ సీమ ఆకాశరేఖ ఇంతే. అలాగని ఎత్తు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. పాలకొల్లు క్షీరారామ గోపురం తొమ్మిది అంతస్తులు, 120 అడుగులు. 2012 నాటి భవన నిబంధనలు 18 మీటర్లు, ఆపైన లేచినదాన్ని బహుళ అంతస్తుల భవనంగా లెక్కగట్టాయి. ఆ కొలతకు ఈ గోపురం రెండింతలు.

ఆకాశహర్మ్యాలపై చర్చ ఎక్కువగా ఎత్తు చుట్టూ, ట్రాఫిక్ చుట్టూ, నీటి సరఫరా చుట్టూ తిరుగుతుంది. రంగును అలంకారం కింద తోసేస్తాం. ఊరి రంగు దాని నేలలోంచి వస్తుందని, టవర్ ఆ లంకెను తెంచుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఫ్రాన్సులో జాఁ ఫిలిప్ లాంక్లో 1960ల నుంచి ఒక్కో ప్రాంతపు మట్టి, రాయి, గోడపూత, పైకప్పు నమూనాలు సేకరించి, వాటి రంగులను పక్కపక్కన పేర్చి చూశాడు. ఆ పద్ధతిలో డెల్టా పాత ఇంటిని చూస్తే లెక్క సులువుగా తేలుతుంది. ఇటుక ఒండ్రుమట్టి, పెంకు బంకమట్టి, కప్పు తాటాకు, గోడకు సున్నం. అన్నీ బండి వెళ్లి తెచ్చేంత దూరంలో దొరికినవే. అందుకే ఎరుపు, తెలుపు, ఎండిన ఆకు రంగు దాటి ఊరు పెద్దగా పోలేదు. పంచవన్నెల ఆడంబరమంతా గోపురానికే వదిలేశారు. స్లాబులొచ్చాక రంగు డబ్బాలోంచి రావడం మొదలైంది. పచ్చి ఆకుపచ్చ, ఊదా, నారింజ మేడలు చూసి పట్నంవాళ్లు నవ్వుతారు గానీ, అక్కడ ఎవరి గోడకు రంగు వాళ్లే ఎంచుకున్నారన్న సంగతి మరవకూడదు.

మరి ఇక్కడ టవర్లు ఎందుకు లేవలేదు? భూమి ధర ఒక కారణం. నేల ఇంకో కారణం. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నల్లమట్టిలో ఎత్తు కట్టాలంటే పైల్స్ లోతుకు దించాలి, ఖర్చు మోపెడవుతుంది. పైగా 2012 నిబంధనల్లో 18 మీటర్లు చేరితే అగ్నిమాపక అనుమతులు, సెట్‌బ్యాక్‌లు మారిపోయేవి. అందుకే ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెం అపార్టుమెంట్లు ఎక్కువగా స్టిల్టు మీద ఐదంతస్తులతో ఆగాయి. కొత్త వీధుల్లో మేడలన్నీ ఒకే మట్టంలో ఉండటానికి ఆ నిబంధనలు చేసిన పని కొంత ఉంది.

ఈ సీమలో రంగు మార్పు నిలువుగా కాదు, అడ్డంగా వచ్చింది. సార్వా, దాళ్వా పంటలతో ఏడాదిలో ఎక్కువ రోజులు పచ్చగా ఉండే చేలు చేపల, రొయ్యల చెరువులయ్యాక ఆకాశాన్ని ప్రతిబింబించే నీటి పలకలయ్యాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ చెరువుల తొలగింపులో భాగంగా అందులోని గట్లను పేల్చారు.

హైదరాబాదుది తిరగబడిన కథ. అక్కడ నేల కిందే కాదు, నేల పైనా బండే. బూడిద, గులాబీ ఛాయల గ్రానైటు నగరానికి రంగిచ్చింది. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఆ రాతితోనే నిలబడింది. సామాన్యుడి ఇల్లు సున్నంతోనే సరిపెట్టుకున్నా, వీధి చివర గుట్ట మాత్రం అందరిదీ. 1976లో బిర్లా మందిరం నౌబత్ పహాడ్ మీదికి రాజస్థాన్ పాలరాయిని తెచ్చినప్పుడు కూడా కింద కొండ కొండగానే ఉంది. 1998లో తెరిచిన ఐటీ భవనం సైబర్ టవర్స్ కూడా పదంతస్తులే.

మలుపు 2006లో వచ్చింది. జీవో 86 నిర్మాణ విస్తీర్ణ నిష్పత్తిపై పరిమితి ఎత్తేసి, ఎత్తును రోడ్డు వెడల్పుకు, సెట్‌బ్యాక్‌లకు ముడిపెట్టింది. 2023 ఆగస్టులో నగర శివారు కోకాపేట భూముల వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత ధర పెట్టినవాడు పదంతస్తులతో ఆగడు. యాభై దాటిన భవనాలు అక్కడ లేచాయి. సెల్లార్ల కోసం బండను పేల్చి తరలిస్తారు. అంటే నగరానికి రంగిచ్చిన రాయిని తవ్విపోసిన గోతిలోంచే టవర్ లేస్తుంది. మైవాన్ పద్ధతిలో అల్యూమినియం అచ్చుల మధ్య పోసిన కాంక్రీటు గోడకు ఇటుక ఉండదు, పూతకు పనుండదు. దానిమీద తెలుపు, లేత గోధుమ, బూడిద. ఆఫీసు టవర్‌కైతే అద్దం. డెల్టా నుంచి వెళ్లి అక్కడ ఫ్లాటు కొన్నవాళ్లకు బాల్కనీ బయటి గోడకు రంగు మార్చుకునే వీలు ఉండదు. ఊళ్లో ఊదా మేడ కట్టినవాళ్లకైనా అక్కడ అంతే.

లేత రంగు తప్పు కాదు. ఎండను తిప్పికొడుతుంది, తాళ్లు కట్టుకుని వేసే రంగు మళ్లీ వేయించడమూ చవక కాదు. నా అభ్యంతరం తెలుపు మీద కాదు, ఎంపిక ఒక్క చేతిలో ఉండి దాని ఫలితం నగరమంతా చూడాల్సి రావడం మీద. ఒక మేడ రంగు ఆ వీధికే పరిమితం. యాభై అంతస్తుల గోడ అందరి కళ్లలోనూ ఉంటుంది, కాబట్టి అది సొంత వ్యవహారం కాదు. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కనిపించే దారులను 1930ల చివరి నుంచే నిబంధనలతో కాపాడుతున్నారు. మన నిబంధనలు ఎత్తు, పార్కింగ్, అగ్నిభద్రత గురించి పేజీలకు పేజీలు మాట్లాడతాయి. చూపుకు, రంగుకు అక్కడ దక్కిన చోటు తక్కువ.

అమరావతిలో ఐదు సచివాలయ టవర్ల పునాది 2018 చివర పడింది, 2019లో పని ఆగింది, ఇప్పుడు మళ్లీ సాగుతోంది. వాటి పక్కన ప్రైవేటు టవర్లూ వస్తాయి. అనుమతి కోరే ప్రతి బహుళ అంతస్తుల భవనం ప్లానుతోపాటు బయటి గోడ రంగు, సామగ్రి నమూనాలను జతచేయాలని, కృష్ణా తీరపు మట్టి, రాయి, పాత ఊళ్ల పెంకుల రంగులతో ఒక పట్టిక ముందే తయారుచేసి వాటితో పోల్చి చూడాలని ప్రభుత్వాన్ని, ఆర్కిటెక్చర్ కళాశాలలను కోరుతున్నాను.