కారు దించుడు సరే.. మన తొవ్వలు ఒప్పుకోవాలె గదా!

జనగామ చౌరస్తాల, మానుకోట బజార్ల, భూపాలపల్లి సింగరేణి కాలనీల జర కిందికి వంగిన కార్లు అక్కడక్కడ కనవడుతున్నయ్. సెకండ్ హ్యాండ్ల స్విఫ్టో, పోలోనో కొనుడు, రీల్సుల సూసినట్టు స్ప్రింగులు మార్పిచ్చుడు. సోకు తప్పు కాదు తమ్మీ. గని బండి దించితే లోపట ఏం మారుతదో, మన తొవ్వల మీద దానికి ఏమైతదో ఎరుకున్నంకనే పైసలు తియ్యాలె.

మోసేది ఒకటి, ఆపేది ఒకటి

మన దిక్కు తిరిగే చిన్న కార్లల్ల ఎక్కువ వాటికి ముందట మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటది. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజినీరు 1940లల్ల దీన్ని తయారు చేసిండు. నడుమ గొట్టం లెక్క షాకబ్జర్, దాని సుట్టూ స్ప్రింగు. బరువు మోసేది స్ప్రింగు. గుంతల పడ్డంక బండి ఎగురుకుంట పోకుంట ఆపేది షాకబ్జర్ల ఉన్న నూనె.

బండిని దించే స్ప్రింగు కంపెనీ స్ప్రింగు కన్న పొట్టిగ ఉంటది, గట్టిగ సుత ఉంటది. ఎందుకంటే బండి దిగినంక చక్రం మీదికి లేచే జాగ తగ్గుతది. తక్కువ జాగల దెబ్బను ఆపాలంటే గట్టి స్ప్రింగే కావాలె. మరి పాత షాకబ్జర్ మెత్తటి స్ప్రింగు కోసం చేసింది. గట్టి స్ప్రింగును అది పట్టలేదు. ఊకె అడుగుకు గుద్దుకొని సీలు పోతది, నూనె కారుతది. అందుకే స్ప్రింగు, స్ట్రట్టు జోడుగ మార్చాలె. జర్మనీల ఐబాక్, బిల్‌స్టైన్ లాంటి కంపెనీలు ఒకదానికొకటి సరిపోయేటట్టు సెట్లు చేస్తయ్.

ఆ సెట్లకు పైసలు మస్తు అయితయ్. గందుకే కొందరు కంపెనీ స్ప్రింగునే ఒకటి రెండు చుట్లు కోపిస్తరు, లేకుంటే గ్యాసు మంటతోని కాల్చి కూసోవెడుతరు. ఈ పని అస్సలు చెయ్యొద్దు. కోసిన స్ప్రింగు కొస దాని గిన్నెల సక్కగ కూసోదు, చక్రం గాల్లకు లేస్తే జారిపోవచ్చు. కాల్చిన ఉక్కుకు పదును పోతది, ఎప్పుడు ఇరుగుతదో చెప్పలేం.

"దించితే మలుపుల్ల పట్టు పెరుగుతది" అన్న మాట సుత సగమే నిజం. బరువు కిందికి వస్తది, మంచిదే. గని మెక్‌ఫర్సన్ బండిని శానా దించితే కింది ఆర్మ్ చక్రం దిక్కు మీదికి వాలుతది. గప్పుడు బండి ఏ బిందువు సుట్టూ ఒరుగుతదో ఆ బిందువు బండి దిగినదాని కన్న ఎక్కువ కిందికి పోతది. స్ప్రింగు గట్టిది కాకుంటే బండి మునుపటి కన్న ఎక్కువ ఒరుగుతది. చక్రాలు లోపలికి వంగి టైర్లు లోపలి అంచున అరుగుతయ్. అలైన్‌మెంట్ చేపియ్యకుంట తిరిగితే కొత్త టైర్లు సుత తొందరగ ఖతం.

మన తొవ్వల లెక్క

స్విఫ్ట్ కారు కింద ఖాళీగ ఉన్నప్పుడు 163 మిల్లీమీటర్ల జాగ ఉంటది. 40 దించితే 123 మిగులుతది. ఇంటోళ్లు అయిదుగురు ఎక్కి, డిక్కీల బియ్యం బస్తా ఏస్తే ఇంకింత తగ్గుతది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలె. అంత వెడల్పుంటే ముందు చక్రాలు, వెనుక చక్రాలు రెండూ గడ్డ మీదనే ఉంటయ్. లెక్క కట్టి చూస్తే స్విఫ్ట్ కడుపు కిందికి లేచేది నాలుగున్నర సెంటీమీటర్లే. దించిన బండి సుత దాటుతది. మరి ఊర్ల మనమే పోసుకున్న గడ్డలు ఎట్లుంటయ్? మీటరు వెడల్పు, జానెడు ఎత్తు. ముందు చక్రాలు దిగినంక ఆ గడ్డ మొత్తం బండి కడుపు కిందికే వస్తది. ఆయిల్ చాంబర్‌కు తాకి పగిలితే నూనె కారిపోతది. నూనె లేకుంట బండి నడిపితే ఇంజినే పట్టేస్తది.

ఇగ కోతల కాలం వస్తే రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరవోస్తరు, అంచుకు రాళ్లు పెడుతరు. భూపాలపల్లి దిక్కు బొగ్గు లారీలు, ఇసుక లారీలు తిరిగి తారు కుంగుతది. 2023 జూలైల మోరంచపల్లిని వాగు ముంచింది. 2024 సెప్టెంబర్ మొదట్ల వానలకు మహబూబాబాద్ జిల్లాల రోడ్లు తెగినయ్, కేసముద్రం కాడ రైలు పట్టాల కింద కట్టనే కొట్టుకపోయింది. తొవ్వ తెగిన కాడ మట్టి పోసి బండ్లను పంపుతరు. రాత్రి పూట పురిటి నొప్పులొచ్చిన ఆడబిడ్డను ఎక్కించుకొని గా మట్టి కట్ట దాటాల్సింది గిదే కారు. అప్పుడు బండి కింద ఉన్న జాగనే పానం కాపాడుతది.

చట్టం ఏమంటది

మోటారు వాహనాల చట్టం, 1988ల సెక్షన్ 52 ఉన్నది. ఆర్సీల ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన దానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని అది చెప్తది. కేరళ నుంచి వచ్చిన కేసుల 2019 జనవరి 9న సుప్రీంకోర్టు గిదే మాటను గట్టిగ చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఏను కొత్తగ మార్చి రాసిన్రు. ఒప్పుకోని మార్పు ఒక్కోదానికి ఓనర్‌కు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాక జైలు, లేకుంటే రెండూ పడొచ్చు. స్ప్రింగు మార్చుడు బండి మూల రూపాన్ని మార్చుడు అయితదా కాదా అని వాదన పెట్టొచ్చు. గని ఆ వాదన రోడ్డు మీద కాదు, కోర్టుల చెయ్యాలె. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుంట మారిస్తే క్లెయిమ్ కాడ లొల్లి అయితది.

జర్మనీల సుత బండ్లు దించుతరు. గని ఆడ సర్టిఫికెట్ ఉన్న సెట్టు ఏసుకోవాలె, అవసరమైతే ఇంజినీరు చూసి ముద్ర ఎయ్యాలె. మన దగ్గర గసొంటి సక్కటి పద్ధతి లేదు. పద్ధతి లేకుంట జరిమానాలు మాత్రం ఉంటే పోరగాళ్లు గ్యాసు మంట షెడ్ల దిక్కే పోతరు. ఆర్టీఏ ఆఫీసులల్ల పరీక్ష పెట్టి ఒప్పుకునే తొవ్వ సర్కారు సూపెట్టాలె.

ఏం చెయ్యాలె?

ముందుగాల పాత షాకబ్జర్లు, బుష్‌లు మార్పియ్యి, మంచి టైర్లు ఏపియ్యి, అలైన్‌మెంట్ చేపియ్యి. బండి ఊగులాడుడు సగం గక్కడనే పోతది. అయినా దించాలనే ఉంటే ముందు ఆర్టీఏల, ఇన్సూరెన్సోళ్లను అడుగు. 25, 30 మిల్లీమీటర్లు దాటకు. నీ మోడల్‌కే చేసిన జోడు సెట్టు తీసుకో, నాలుగు చక్రాలకు ఒకటే సారి ఏపియ్యి. కొనే ముందు ఇంటోళ్లందరిని ఎక్కించుకొని మీ ఊరి అన్నిటికన్న పెద్ద గడ్డ ఎక్కి దిగు. కంపెనీ ఎత్తుకే కింద రాసుకుంటే ఇగ దించే ముచ్చట మర్చిపో.