సంగారెడ్డి జైలూ, బొమ్మలో దాగిన ఉత్తరమూ

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలుంది. ఖైదీల్ని కందిలో కొత్త జైలుకి మార్చాక దాన్ని మ్యూజియం చేశారు. 2016లో ఐదొందలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండనిచ్చే పథకం కూడా పెట్టారు (డబ్బులిచ్చి మరీ! మన క్యూబికల్స్ చాలవా?). బొమ్మల్లో రహస్య సందేశాలు దాచే స్టెగనోగ్రఫీకి పునాది కూడా ఓ జైలు కథే.

1983లో గుస్టావస్ సిమ్మన్స్ చెప్పిన కథ అది. ఇద్దరు ఖైదీలు పారిపోవాలని ప్లాను వేస్తున్నారు. ఉత్తరాలు రాసుకోవచ్చు, కానీ ప్రతిదీ జైలరు చదివాకే చేరుతుంది. కోడ్ భాషలో రాస్తే అనుమానం రావడం ఖాయం. కాబట్టి ఉత్తరం మామూలుగా కనపడాలి, అసలు సంగతి దాని లోపల ఉండాలి. మన పాత కవులు గర్భకవిత్వం పేరుతో ఒక పద్యం కడుపులో ఇంకో పద్యం పెట్టారు చూడండి, అలాగన్నమాట. వాళ్ళది పాండిత్య సరదా. సిమ్మన్స్‌కి ఈ ఆలోచన తట్టింది మాత్రం అమెరికా, సోవియట్ మిస్సైళ్ళ లెక్కలు సరిచూసే పనిలో.

డిజిటల్ బొమ్మలొచ్చాక ఇది మరీ సులువైపోయింది. పిక్సెల్‌కి మూడు రంగులు, ఒక్కో రంగుకి 8 బిట్లు. చివరి బిట్టు మారిస్తే 200 కాస్తా 201 అవుతుంది, కంటికి తేడా తెలీదు. 1024×768 బొమ్మలో అలాంటి బిట్లు 23,59,296, అంటే 288 కేబీ. యూటీఎఫ్-8 తెలుగులో గుర్తుకి 3 బైట్లు వేసుకున్నా 98 వేల పైచిలుకు గుర్తులు పడతాయి. ఓ చిన్న నవల!

2001 ఫిబ్రవరిలో యూఎస్ఏ టుడే, బిన్ లాడెన్ మనుషులు వెబ్‌సైట్ల బొమ్మల్లో సందేశాలు దాస్తున్నారని రాసింది. మిషిగన్ యూనివర్సిటీలో నీల్స్ ప్రోవోస్, పీటర్ హనీమన్ ఈబే నుంచి 20 లక్షల బొమ్మలు దించి వెతికారు. వాళ్ళ ప్రోగ్రాము వేల బొమ్మల్ని అనుమానించింది. పాస్‌వర్డ్ డిక్షనరీతో తెరవబోతే ఒక్కదాంట్లోనూ ఏమీ దొరకలేదు. ఆ వార్త రాసిన జాక్ కెల్లీ 2004లో రాజీనామా చేశాడు, ఆయన రాసిన ముఖ్యమైన కథనాలు కొన్ని కల్పితాలని ఆ పత్రికే తేల్చింది. నాకు గుబులు పుట్టించేది ఆ అనుమానించిన వేల బొమ్మలే. అందులో మీ పాప పుట్టినరోజు ఫొటో ఉంటే, దాంట్లో ఏమీ లేదని ఎలా రుజువు చేస్తారు?

నిజంగా దొరికిన కేసు 2010లో అమెరికాలో అరెస్టయిన రష్యన్ గూఢచారులది. వాళ్ళు పబ్లిక్ సైట్లలోని బొమ్మల్లోనే సందేశాలు దాచారు. పట్టించింది గణితం కాదండోయ్! 2005లో ఒక ఇంట్లో సోదా చేస్తే 27 అక్షరాల పాస్‌వర్డ్ కాగితం మీద రాసి దొరికింది. మన ఆఫీసుల్లో మానిటరుకి అంటించే పచ్చ చీటీ బాపతే.

జైలరుకి ఇంకో దారుంది: ఏముందో వెతక్కుండా ప్రతి ఉత్తరాన్నీ తన మాటల్లో తిరగరాసి పంపడం. వాట్సాప్ ఫొటోలకి చేసేది దాదాపు అదే, మళ్ళీ కంప్రెస్ చేస్తుంది, చివరి బిట్లు చెదిరిపోతాయి. పటాన్‌చెరు షిఫ్టు బస్సులోంచి పంపే గుడ్ మార్నింగ్ గులాబీలో ఇలా ఏం దాచినా అవతలికి చేరేది గులాబీ మాత్రమే. అదే ఫైలుని డాక్యుమెంటుగా పంపితే మాత్రం ఉన్నదున్నట్టు వెళ్తుంది.