బుద్గాం నుంచి ఆకాశ్‌తీర్ దాకా: యుద్ధంలో లక్ష్యాన్ని ఎవరు గుర్తించాలి?

2019 ఫిబ్రవరి 27 అనగానే మనకు గుర్తొచ్చేది వింగ్ కమాండర్ అభినందన్. అదే రోజు ఉదయం జరిగిన ఇంకో సంఘటన మన నోట్సుల్లో పెద్దగా కనిపించదు. శ్రీనగర్ స్థావరం నుంచి లేచిన వైమానిక దళ ఎంఐ-17 వీ5 హెలికాప్టర్ కొద్ది నిమిషాల్లోనే బుద్గాం జిల్లాలో కూలిపోయింది. అందులో ఉన్న ఆరుగురు వైమానిక దళ సిబ్బంది, కింద నేల మీద ఉన్న ఒక స్థానికుడు చనిపోయారు. దాన్ని కూల్చింది శత్రువు కాదు, మన స్పైడర్ క్షిపణే. అది మన వైపు నుంచి జరిగిన పెద్ద తప్పని అదే ఏడాది అక్టోబరు 4న అప్పటి వైమానిక దళాధిపతి ఆర్.కె.ఎస్. భదౌరియా విలేకరుల ముందు ఒప్పుకున్నారు.

సైన్యంలో కృత్రిమ మేధ అనే అంశం జీఎస్-3లోనూ, ఎథిక్స్ పేపర్‌లోనూ, ఎస్సేలోనూ రావచ్చు. చాలామంది ఉక్రెయిన్‌తోనో గాజాతోనో మొదలుపెడతారు. బుద్గాంతో మొదలుపెడితే ప్రశ్న మన ఇంటి ప్రశ్నగా కనిపిస్తుంది. అక్కడ ఏఐ లేదు. అయినా ఏఐ గురించి అడగాల్సిన రెండు ప్రశ్నలూ అక్కడే ఉన్నాయి. వద్దు అని చెప్పడానికి మనిషికి ఎన్ని సెకన్లు దొరికాయి? తప్పు జరిగాక జవాబు చెప్పేది ఎవరు?

బుద్గాంలో ఏం తప్పింది?

బాలాకోట్ దాడి జరిగిన మర్నాడు అది. పాకిస్తాన్ విమానాలు నియంత్రణ రేఖ దాటి వస్తున్నాయి. శ్రీనగర్ గగనతల రక్షణ సిబ్బంది తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారు. రాడార్ తెర మీద తక్కువ ఎత్తులో, నెమ్మదిగా స్థావరం వైపు వస్తున్న ఒక చుక్క కనబడింది. మన విమానమా, శత్రువుదా అని చెప్పే ఐఎఫ్ఎఫ్ పరికరం హెలికాప్టర్‌లో ఆపి ఉందని, స్థావరంలోని విభాగాల మధ్య సమన్వయం లోపించిందని విచారణలో తేలినట్టు పత్రికలు రాశాయి. చుక్క నిజమే, దానికి మనుషులు పెట్టిన పేరు తప్పు.

అంతకు ముందు చరిత్ర

ఇలాంటి ఘటనలు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. మూడు గుర్తుంచుకుంటే చాలు.

1983 సెప్టెంబరు 26: సోవియట్ ముందస్తు హెచ్చరిక వ్యవస్థ, అమెరికా నుంచి 5 క్షిపణులు వస్తున్నాయని చూపింది. మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహాలు క్షిపణుల మంటగా పొరబడ్డాయి. డ్యూటీలో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్, నిజమైన దాడి ఐదు క్షిపణులతో మొదలవదని ఆలోచించి, పైవాళ్లకు తప్పుడు హెచ్చరిక అనే చెప్పాడు. ఇక్కడ యంత్రం తప్పింది, మనిషి కాపాడాడు.

1988 జులై 3: అమెరికా యుద్ధనౌక విన్సెన్స్, ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని యుద్ధ విమానమనుకుని కూల్చింది. 290 మంది చనిపోయారు, వారిలో 10 మంది భారతీయులు. నౌకలోని ఏజిస్ కంప్యూటర్ విమానం పైకి ఎక్కుతోందని సరిగ్గానే నమోదు చేసింది. ఒత్తిడిలో ఉన్న సిబ్బంది అది తమ మీదికి దిగుతోందనుకున్నారు. ఇక్కడ యంత్రం సరిగ్గానే ఉంది, మనిషి తప్పాడు.

2003 మార్చి: ఇరాక్ యుద్ధంలో అమెరికా పేట్రియాట్ వ్యవస్థ, తిరిగొస్తున్న బ్రిటిష్ టోర్నడో విమానాన్ని శత్రు క్షిపణిగా వర్గీకరించింది. సిబ్బంది దాన్ని నమ్మి క్షిపణి వదిలారు. ఇద్దరు వైమానికులు చనిపోయారు. ఇక్కడ యంత్రం తప్పింది, మనిషి దానికి తల ఊపాడు.

మనిషి ఉంటే చాలు అనే వాదన 1988లో నిలబడదు. యంత్రం ఉంటే చాలు అనేది 1983లో నిలబడదు. 2003 చెప్పేది ఇంకా ముఖ్యం. ఇద్దరూ ఉన్నా, మనిషికి సమయమూ అనుమానించే అలవాటూ లేకపోతే, అతను ఉన్నా లేనట్టే.

ఘజియాబాద్‌లో తయారైన జవాబు

బుద్గాం లాంటి తప్పుకు సాంకేతిక పరిష్కారం ఢిల్లీ పక్కనే ఉంది. 2023 మార్చిలో రక్షణ శాఖ ఘజియాబాద్‌లోని భారత్ ఎలక్ట్రానిక్స్‌తో ఆకాశ్‌తీర్ ప్రాజెక్టు కోసం రూ.1,982 కోట్ల ఒప్పందం చేసుకుంది. వేర్వేరు రాడార్లు చూసినదంతా ఒకే చిత్రంగా కలిపి, యూనిట్లన్నిటికీ ఒకేసారి చూపే స్వయంచాలిత వ్యవస్థ ఇది. వైమానిక దళ నెట్‌వర్క్‌తోనూ కలుస్తుంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్ డ్రోన్లను, క్షిపణులను ఎదుర్కోవడంలో దీని పాత్రను ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రస్తావించింది. మనవాళ్ల మీద మనమే కాల్చుకునే ప్రమాదాన్ని తగ్గించడం కూడా దీని లక్ష్యాల్లో ఒకటి.

కాబట్టి ఏఐ, ఆటోమేషన్ వద్దు అని రాస్తే జవాబు సగమే అవుతుంది. వందలాది డ్రోన్లు ఒకేసారి వచ్చినప్పుడు మనిషి ఒక్కో చుక్కనూ చూసి తేల్చలేడు. 2019లో ఇలాంటి ఉమ్మడి చిత్రం అందరి ముందూ ఉండి ఉంటే ఆ హెలికాప్టర్ తిరిగొచ్చి ఉండేదేమో. కానీ సమాచారం పెంచే వ్యవస్థే నిర్ణయ సమయాన్ని తగ్గిస్తుంది. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

99 శాతం లెక్క

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది తెలిసిన లెక్కే. ఉదాహరణకు ఒక ఏఐ మోడల్ 99 శాతం కచ్చితమైనది అనుకుందాం. దాని ముందుకు 10,000 వస్తువులు వచ్చాయి, వాటిలో నిజమైన శత్రువులు 10. ఆ పదినీ అది దాదాపుగా పట్టుకుంటుంది. మిగిలిన 9,990లో 1 శాతాన్ని, అంటే సుమారు 100 అమాయక వస్తువులను కూడా శత్రువు అంటుంది. మొత్తం 110 హెచ్చరికల్లో నిజమైనవి 10. బ్రోచర్‌లో 99 శాతం అని ఉంటుంది, యుద్ధరంగంలో పదకొండు హెచ్చరికల్లో పది తప్పు.

దీనికి తోడు శిక్షణ డేటా సమస్య ఉంది. ఎడారిలో తీసిన చిత్రాలతో నేర్చుకున్న మోడల్ లద్దాఖ్ మంచులో అలాగే పనిచేస్తుందన్న హామీ లేదు. శత్రువు కావాలని మోసపుచ్చే గుర్తులు కూడా పెడతాడు.

గాజా విషయం ఇక్కడ చెప్పాలి. ఇజ్రాయెల్ సైన్యం లావెండర్ అనే ఏఐ వ్యవస్థతో సుమారు 37,000 మందిని అనుమానితులుగా గుర్తించిందని, ఒక్కో పేరును మనిషి పరిశీలించడానికి కొన్నిసార్లు 20 సెకన్లే పట్టేదని 2024 ఏప్రిల్‌లో +972 పత్రిక రాసింది. ఇజ్రాయెల్ సైన్యం దీన్ని ఖండించింది. అది సమాచారాన్ని సరిపోల్చే డేటాబేస్ మాత్రమే అంది. జవాబులో రెండు వైపులా రాయండి. కానీ 20 సెకన్లు అనే మాటను వదలొద్దు. కాగితం మీద మనిషి అనుమతి ఉంది, చేతిలో సమయం లేదు.

ఢిల్లీ ఏం చేసింది?

2018లో టాటా సన్స్ చైర్మన్ ఎన్. చంద్రశేఖరన్ అధ్యక్షతన ఏర్పడిన టాస్క్‌ఫోర్స్ సిఫార్సులతో 2019లో డిఫెన్స్ ఏఐ కౌన్సిల్, డిఫెన్స్ ఏఐ ప్రాజెక్ట్ ఏజెన్సీ వచ్చాయి. 2022 జులై 11న విజ్ఞాన్ భవన్‌లో రాజ్‌నాథ్ సింగ్ 75 ఏఐ ఉత్పత్తులను ఆవిష్కరించారు. 2024 అక్టోబరులో సీడీఎస్ జనరల్ అనిల్ చౌహాన్ ఈటీఏఐ అనే మూల్యాంకన చట్రాన్ని విడుదల చేశారు. విశ్వసనీయత, భద్రత, పారదర్శకత, నిష్పాక్షికత, గోప్యత అనే ఐదు సూత్రాలు అందులో ఉన్నాయి.

అంతర్జాతీయంగా మన వైఖరి కొంచెం సంక్లిష్టం. జెనీవాలో స్వయంచాలిత మారణాయుధాలపై నిపుణుల బృందానికి 2017, 2018లో మన దౌత్యవేత్త అమన్‌దీప్ సింగ్ గిల్ అధ్యక్షత వహించారు. ఆ ప్రక్రియ నుంచే 2019లో 11 మార్గదర్శక సూత్రాలు వచ్చాయి. అయితే 2023 డిసెంబరులో ఇదే అంశంపై ఐరాస సాధారణ సభ తీర్మానానికి 152 దేశాలు అనుకూలంగా ఓటేస్తే, వ్యతిరేకించిన నాలుగు దేశాల్లో భారత్ ఒకటి. జెనీవా వేదిక ఉండగా సమాంతర వేదిక అక్కర్లేదన్నది మన వాదన. చైనా, పాకిస్తాన్ పక్కన ఉన్న దేశం ముందే చేతులు కట్టేసుకోలేదన్నది అర్థం చేసుకోదగినదే. కానీ అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం చేయకపోవడం ఒక విషయం, మన సొంత నియమం రాసుకోకపోవడం వేరే విషయం. రెండో దానికి జెనీవా కోసం ఆగాల్సిన పని లేదు.

జవాబుదారీతనం

బుద్గాం తర్వాత విచారణ జరిగింది, బాధ్యులైన అధికారుల మీద చర్యలు మొదలయ్యాయి. 2022 మార్చి 9న బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున పాకిస్తాన్‌లో పడినప్పుడు ముగ్గురు అధికారులను సర్వీసు నుంచి తొలగించారు. రెండుసార్లూ ఆ పని ఎవరు చేశారో చెప్పగలిగాం కాబట్టే అది సాధ్యమైంది. రేపు ఒక మోడల్ తప్పు పేరు పెడితే ఎవరిని పిలుస్తాం? కోడ్ రాసిన ఇంజినీర్‌నా, డేటా ఇచ్చిన సంస్థనా, మీట నొక్కిన జవానునా? ముందే తేల్చకపోతే భారం చివరి జవాను మీదే పడుతుంది, లేదా ఎవరి మీదా పడదు.

డిజైన్‌లోనే దీనికి చోటివ్వవచ్చు. 2025 జులైలో కర్నూలు టెస్ట్ రేంజ్‌లో డీఆర్‌డీవో పరీక్షించిన డ్రోన్ ప్రయోగ క్షిపణి యూఎల్‌పీజీఎం-వీ3లో, ప్రయోగించాక కూడా లక్ష్య బిందువును మార్చగల రెండు వైపుల డేటా లింక్ ఉంది. మనిషి మనసు మార్చుకోవడానికి దారి వదిలిన డిజైన్ అది. ఏఐ వ్యవస్థల్లోనూ ఇలాంటి దారిని తప్పనిసరి చేయాలి.

జవాబులో రాయదగినవి

మొదటిది, క్షిపణులూ డ్రోన్లూ ఆపడం వంటి రక్షణ పనికీ, మనుషులను వెతికి లక్ష్యంగా పెట్టే పనికీ వేర్వేరు నియమాలు ఉండాలి. మొదటిదానిలో ఆటోమేషన్ ఎక్కువ ఉండొచ్చు, రెండోదానిలో మనిషి నిర్ణయం తప్పనిసరి. రెండోది, మనిషి పరిశీలనకు కనీస సమయాన్ని, కాదనే అధికారాన్ని నియమావళిలో రాయాలి. మూడోది, ప్రతి సిఫార్సుకూ చెరపలేని రికార్డు ఉండాలి. నాలుగోది, మోడల్‌ను ఎక్కడ వాడతామో అక్కడి నేల మీదే పరీక్షించాలి.

బుద్గాంలో చనిపోయినవాళ్లలో ఆరుగురు యూనిఫాంలో ఉన్నవాళ్లు, ఏడో మనిషికి ఆ యుద్ధంతో సంబంధమే లేదు. ఏ వ్యవస్థ వచ్చినా, ఆ ఏడో మనిషి తెర మీద చుక్కగా కూడా కనిపించడు. అతని తరఫున ఆలోచించే మనిషి ఒకరు తెర ముందు ఉండాలి, ఆలోచించడానికి కొన్ని సెకన్లయినా అతనికి మిగలాలి.